వానాకాలంలో పాఠం, యాసంగిలో లెక్క: మోటర్ వైండింగ్ షాపులో ఒక తొమ్మిదో తరగతి ప్రాజెక్టు

నేను పరకాల వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. కెరీర్ గైడెన్స్ కూడా నా మీదే పెట్టారు. ఆ పని అంటే మామూలుగా ఏటా ఒకసారి పదో తరగతి పిల్లలను కూర్చోబెట్టి పాలిసెట్, బాసర ట్రిపుల్ ఐటీ, ఇంటర్ గ్రూపుల గురించి గంటసేపు చెప్పి, గోడకు ఒక చార్టు అతికించడమే. అది సరిపోవడం లేదనిపించి, తొమ్మిదో తరగతిలోనే కొందరికి ఒక్కో మెంటర్‌ను చూసి, ఏడాది సాగే నైపుణ్య ప్రాజెక్టు చేయించడం మొదలుపెట్టాను. మొదటి ఏడాది పూర్తిగా చెడిపోయింది. రెండో ఏడాది ఆరుగురు పిల్లల్లో ఒక అమ్మాయిది మాత్రం చివరిదాకా నిలబడింది. ఈ రాత ఆ అమ్మాయి గురించి. ఆమె పేరు, ఆమెకు నేర్పిన మిస్త్రీ పేరు కావాలనే రాయడం లేదు.

చెడిపోయిన ఏడాది సంగతి ముందు చెప్పాలి. అది తెలియకపోతే తర్వాత చేసిన మార్పులు అర్థం కావు. అప్పుడు మెంటర్ అంటే పెద్ద చదువు చదివినవాళ్లే అనుకున్నాను. ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పనిచేసే ఆయన్ని బతిమాలి ఒప్పించాను. ఆయన ఒకసారి వచ్చారు, బాగా మాట్లాడారు, నలుగురు పిల్లలకు ‘స్మార్ట్ ఇరిగేషన్’ అని ప్రాజెక్టు పేరు పెట్టి వెళ్లారు. తర్వాత ఫోన్ చేస్తే మీటింగ్, పరీక్షలు, మళ్లీ మీటింగ్. ఆయన తప్పేం లేదు. నేను ఆయన్ని ‘గైడెన్స్ ఇవ్వండి సార్’ అని అడిగాను గానీ, ఏ రోజు, ఎన్ని గంటలు, ఏం నేర్పాలి అని అడగలేదు. డిసెంబర్ వచ్చేసరికి పిల్లలు హనుమకొండ వెళ్లి తయారు చేసి పెట్టిన కిట్ కొనుక్కొచ్చారు. తేమ తగ్గితే చిన్న పంపు తిరుగుతుంది. సైన్స్ ఫెయిర్‌లో తిరిగింది కూడా. లోపల ఏ వైరు ఎక్కడికి పోతుందో నలుగురిలో ఒక్కరూ చెప్పలేకపోయారు. ఆ కిట్ ఇప్పటికీ మా ల్యాబ్ బీరువాలో ఉంది.

అడిగిన ప్రశ్న

మరుసటి జూన్‌లో బడి తెరిచిన వారానికి తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు లీజర్ పీరియడ్‌లో వచ్చి అడిగింది: “మేడమ్, మా మోటర్ ఈ యాసంగిల రెండుసార్లు కాలింది. ఎందుకు కాలుతది?”

లోడ్ ఎక్కువైతే కాలుతుందని చెప్పాను. అమ్మాయి కదలలేదు. “మరి వైండింగ్ చేసే కాక మోటర్ కప్పు ఇప్పంగనే ‘ఫేజు పోయింది’ అన్నడు. ఆయన అక్కడ లేడు గద, ఎట్ల తెలిసింది?”

నాకు జవాబు తెలియదు. ఎమ్మెస్సీ చదివాను, త్రీఫేజ్ (మూడు వైర్లలో వచ్చే కరెంటు; వాటిలో ఒకటి రాకపోతే ‘ఫేజు పోయింది’ అంటారు) లెక్కలు చేశాను, కానీ కాలిన స్టేటర్‌ను (మోటర్‌లో కదలకుండా ఉండే, రాగి తీగ కాయిల్స్ ఉండే భాగాన్ని) దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. పెద్దయ్యాక ఏమవుతావని అడిగితే మాత్రం ఆ అమ్మాయి కూడా అందరిలాగే ‘సాఫ్ట్‌వేర్’ అనింది. పెదనాన్న కొడుకు హైదరాబాద్‌లో చేస్తున్నాడట. ఆ మాటకు నేను అడ్డు చెప్పలేదు. కలను పక్కన పెట్టి ప్రశ్నను పట్టుకున్నాను. ఈ కేసులో నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే అదే.

ఆదివారం ఇద్దరం కలిసి ఆ షాపుకు పోయాం. ఊరికి ఆరు కిలోమీటర్లు. ముందు గదిలో మిస్త్రీ భార్య బుష్‌లు, కెపాసిటర్లు, వైరు అమ్ముతుంది. వెనక రేకుల షెడ్డులో ఆయన పని. విషయం చెప్తే పని ఆపకుండానే విన్నాడు. “నేర్పుడు అంటే ఏంది మేడమ్? ఎన్ని రోజులు? పొద్దంతా ఉంటదా? నా పని ఆగుతదా?” ఇంజినీరింగ్ కాలేజీ ఆయన్ని నేను అడగాల్సినవన్నీ ఈయన నన్ను అడిగాడు.

ప్లాన్ ఎట్లా తయారైంది

అమ్మాయి ముందే ఒక కాగితం రాసుకొచ్చింది. లక్ష్యం: మోటర్ వైండింగ్ నేర్చుకొనుట. కాలం: జనవరి నుండి మార్చి వరకు, ప్రతి శనివారం, ఆదివారం. జనవరి ఎందుకంటే అప్పుడే మోటర్లు ఎక్కువ కాలుతాయి కదా అని. నాకూ సబబే అనిపించింది.

మిస్త్రీ చదివించుకొని విని నవ్వాడు. “నాకే మూడేండ్లు పట్టింది బిడ్డా. అదొద్దు. కాలిన మోటర్ జూసి ఎందుకు కాలిందో చెప్పుడు నేర్చుకో. అది వచ్చిందంటే సగం పని వచ్చినట్టే.” తర్వాత నాతో అన్నాడు: “సంక్రాంతి దాటిందంటే నేను మా ఇంట్లోల్లతోని గూడ మాట్లాడ. నేర్పాల్నంటే ఇప్పుడు పంపుండ్రి. వానలు పడి బావులల్ల నీళ్లు పైకొస్తే దసరా దాక నాకు పనుండది.”

ఒక ప్రాజెక్టుకు కావలసిన ముఖ్యమైన కత్తిరింపులు రెండూ ఆ రెండు మాటల్లోనే జరిగిపోయాయి. నేర్చుకునేది ‘వైండింగ్’ నుంచి ‘కారణం చెప్పడం’కు తగ్గింది. కాలం మూడు నెలల నుంచి రెండు ముక్కలైంది: జూలై నుంచి దసరా దాకా ఆయన ఖాళీగా ఉన్నప్పుడు నేర్చుకోవడం, సంక్రాంతి తర్వాత ఆయన తీరిక లేకుండా ఉన్నప్పుడు ఆయన్ని కదిలించకుండా చూసి రాసుకోవడం. మేం ఇప్పటిదాకా ప్రాజెక్టులన్నీ బడి క్యాలెండర్ చూసి వేసేవాళ్లం. ఎఫ్‌ఏ (ఏడాది మధ్యలో జరిగే చిన్న మూల్యాంకనం) ఎప్పుడు, ఎస్‌ఏ (పెద్ద పరీక్షలు) ఎప్పుడు, సైన్స్ ఫెయిర్ ఎప్పుడు అని. మెంటర్ సంవత్సరం ఎట్లా నడుస్తుందో అడగాలని నాకు అప్పటిదాకా తట్టలేదు.

అక్కడే, షాపు బిల్లు పుస్తకం వెనక ఖాళీ కాగితం మీద కొత్త ప్లాన్ రాసుకున్నాం. వానాకాలంలో ఆదివారం 10 నుంచి 12 దాకా, మొత్తం పది ఆదివారాలు. యాసంగిలో ఆదివారం ఒక గంట. మిస్త్రీ ఇచ్చేది: నేర్చుకోవడానికి పాత స్టేటర్ ఒకటి, యాసంగిలో కాలి వచ్చిన ప్రతి మోటర్ వైండింగ్‌ను కోసేముందు దాని మీద చాక్‌పీస్‌తో నంబర్ వేసి ఆదివారం దాకా పక్కన పెట్టడం. చివర్లో పరీక్ష: ఆయన మూడు కాలిన స్టేటర్లు పెడతాడు, అమ్మాయి కారణాలు చెప్పాలి, ఎందుకలా అనుకుంటుందో చూపించాలి. ‘నేర్చుకున్నాను’ అని ఎవరైనా అనొచ్చు. మూడు స్టేటర్ల ముందు నిలబడితే తెలిసిపోతుంది.

మా హెడ్‌మాస్టర్‌కు వేరే టెన్షన్. “షాపులో ఆడపిల్ల కూర్చున్న ఫోటో ఎవరైనా తీసి బాలకార్మికురాలు అని పెడితే?” ఆయన భయం ఉత్త భయం కాదు. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం పద్నాలుగేళ్ల లోపు వాళ్లను పనికి పెట్టుకోకూడదు, పద్నాలుగు నుంచి పద్దెనిమిది మధ్య వాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. ఈ అమ్మాయికి పద్నాలుగు నిండాయి, అయినా షరతులు కాగితం మీద పెట్టాం. షాపు పని ఏదీ చేయదు, డబ్బు తీసుకోదు. కరెంటు కనెక్షన్ ఉన్న మోటర్‌ను ముట్టదు. త్రీఫేజ్ అంటే 415 వోల్టులు, దాంతో ఆటలు కాదు. వార్నిష్ వేసేటప్పుడు, కాల్చి పాత తీగ పీకేటప్పుడు షెడ్డులో ఉండదు. మిస్త్రీ భార్య షాపులో ఉన్న రోజే వస్తుంది. అమ్మాయి వాళ్లమ్మ సంతకం పెట్టింది. మిస్త్రీ సంతకం పెట్టే ముందు తనదో షరతు చెప్పాడు: రైతుల పేర్లు రాయొద్దు. “ఫలానోని మోటర్ వాని తప్పుతోనే కాలిందని నీ బుక్కుల ఉంటే, వాడు రేపు నా మీదికొస్తడు.” అదీ రాసుకున్నాం.

వానాకాలం

మొదటి నాలుగు ఆదివారాలు స్లాట్లు లెక్కపెట్టడం, తీగ మందం మైక్రోమీటర్‌తో కొలవడం, ఏ కాయిల్ ఏ ఫేజ్‌దో సీరీస్ బల్బుతో మిస్త్రీ చూపిస్తే బొమ్మ గీసుకోవడం. ఫార్మా (కాయిల్ చుట్టే అచ్చు) మీద ఒక్క కాయిల్ చుట్టి చూడనిచ్చాడు. మధ్యలో లెక్క తప్పింది. ఆయన పది చుట్లకు ఒక గీత చెక్క మీద గీస్తాడు, ఎవరితో మాట్లాడుతున్నా ఆ గీత మాత్రం తప్పడు.

నా వంతు బడిలో. తొమ్మిదో తరగతి పుస్తకంలో కరెంటు పాఠం లేదు, పదిలో వస్తుంది. అక్కడ కూడా త్రీఫేజ్ మోటర్ ఎట్లా కాలుతుందో ఉండదు. ముగ్గురు మోసే మోపు నుంచి ఒకరు తప్పుకుంటే మిగతా ఇద్దరి మీద ఎంత పడుతుంది అని మొదలుపెట్టాను. స్టార్ కనెక్షన్‌లో (మూడు కాయిల్స్ కొసలు ఒకచోట కలిపే పద్ధతిలో) తిరుగుతున్న మోటర్‌కు ఒక ఫేజ్ పోయి, లోడ్ అంతే ఉంటే, మిగిలిన రెండు కాయిల్స్‌లో కరెంటు దాదాపు 1.73 రెట్లు అవుతుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి మూడు రెట్లు. అమ్మాయి లెక్క తానే చేసి, “అందుకే రెండే నల్లగైతయ్, ఒకటి మంచిగుంటది” అనింది. జూన్‌లో అడిగిన ప్రశ్నకు జవాబు ఆగస్టులో ఆమెకే దొరికింది. నాకు కూడా.

ఆ సెప్టెంబర్‌లో నేనొక తప్పు చేయబోయాను. దీన్ని ఇన్‌స్పైర్ మానక్‌కు (కేంద్రం నడిపే బడి పిల్లల ఆవిష్కరణల పోటీకి) పంపుదాం, ఏదైనా పరికరంలా మార్చుదాం అని తోటి టీచర్లు అన్నారు. ఎంపికైతే పదివేలు వస్తాయి, బడికి పేరు వస్తుంది. అమ్మాయి కూడా ఊగింది. రెండు రోజులు ఆలోచించి వద్దన్నాను. పరికరం అనగానే మళ్లీ కిట్ కొనడంలోకే పోతాం. అట్లా వద్దన్నందుకు ఒకరిద్దరు ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడరు.

యాసంగి

సంక్రాంతి దాటగానే మిస్త్రీ చెప్పినట్టే అయింది. షెడ్డు ముందు ట్రాలీలు, ఆటోలు. మొక్కజొన్న ఎండుతుందని ఒకరు, నారు పోస్తున్నానని ఒకరు. అమ్మాయిని పలకరించే తీరిక ఎవరికీ లేదు. ఫిబ్రవరిలో వరుసగా మూడు ఆదివారాలు ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదట. కానీ మూలన చాక్‌పీస్ నంబర్లతో స్టేటర్లు మాత్రం ఉండేవి. మా ప్లాన్ మొత్తంలో బాగా పనిచేసింది ఆ చాక్‌పీసే. ఆయనకు పట్టే సమయం అర నిమిషం. అమ్మాయికి గంట పని.

నోట్‌బుక్‌లో గళ్లు ఇవి: నంబర్, తేదీ, ఎన్ని హెచ్‌పీ, స్టారా డెల్టానా (డెల్టా అంటే మూడు కాయిల్స్‌ను త్రికోణంలా కలపడం), ఏ కాయిల్స్ నల్లబడ్డాయి, బేరింగ్ ఎట్లా ఉంది, ‘నా అంచనా’, ‘కాక మాట’. ‘నా అంచనా’ గడి పెన్నుతో నింపాలి, దిద్దకూడదు, ‘కాక మాట’ అడగకముందే రాయాలి. ఆయనకు మాట్లాడే తీరిక లేనప్పుడు ఆ చివరి గడి ఖాళీగా వదిలి, మరుసటి వారం నింపుకునేది.

తప్పులు అక్కడే బయటపడ్డాయి. ఏడో నంబర్ మోటర్ గుర్తుంది. అమ్మాయి ఫోటో తీసి నాకు పంపింది. రెండు పోల్స్ మోటర్, అంటే ఒక్కో ఫేజ్ కాయిల్‌కు ఎదురెదురుగా రెండు కట్టలు. అవి చుట్టూ పేర్చినట్టు ఉన్నాయి: ఒకటి బొగ్గులా నలుపు, పక్కన రెండు కొత్త రాగిలా మెరుస్తున్నాయి, మళ్లీ ఒకటి నలుపు, మళ్లీ రెండు మెరుపు. “రెండు నల్లగుంటేనే ఫేజు పోయినట్టు. ఒకటే నల్లగుంది కాబట్టి ఆ కాయిల్ ఇన్సులేషన్ పోయి కాలింది” అని అంచనా రాసింది. నేను కూడా సరేనన్నాను. మిస్త్రీ మూడు వారాల తర్వాత తీరిక దొరికి, కనెక్షన్ చూపించాడు. అది డెల్టా. డెల్టాలో ఒక ఫేజ్ పోతే, మిగిలిన రెండు లైన్లకు నేరుగా తగిలి ఉన్న ఒక్క కాయిల్ మీదే భారమంతా పడుతుంది. అదొక్కటే నల్లబడుతుంది. స్టార్‌లో రెండు, డెల్టాలో ఒకటి. ‘స్టారా డెల్టానా’ అనే గడి తనే గీసుకొని, నింపి, అంచనా వేసేటప్పుడు దానివైపు చూడలేదు. ఫోటో చూసి సరేనన్న నేనూ చూడలేదు. ఆ తప్పు ఇద్దరిదీ.

మార్చి నెలాఖరుకు 27 మోటర్లు రాసింది. మొదటి తొమ్మిదిలో ఆమె అంచనా, మిస్త్రీ మాట కలిసినవి నాలుగు. తర్వాతి తొమ్మిదిలో ఐదు. చివరి తొమ్మిదిలో ఏడు. కారణాల్లో అన్నిటికంటే ఎక్కువ, పదకొండు, ఫేజ్ పోయినవి. మిగతావి లో వోల్టేజీ, బేరింగ్ అరిగి రోటర్ (లోపల తిరిగే భాగం) స్టేటర్‌కు తగలడం, లోపలికి నీళ్లు దిగడం. రెండింటికి మిస్త్రీ కూడా కారణం చెప్పలేదు. 27 మోటర్లతో మండలం గురించి ఏమీ తేల్చలేమని అమ్మాయికి చెప్పాను, రిపోర్టులో ఆ వాక్యం తానే రాసింది.

ప్లాన్‌లో లేనిది ఒకటి జరిగింది. మోటర్ తీసుకుపోవడానికి వచ్చిన రైతులను, కూర్చొని ఉంటే, స్టార్టర్‌లో సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ ఉందా అని అడగడం మొదలుపెట్టింది. ఒక ఫేజ్ పోతే మోటర్‌ను ఆపేసేది అదే. చాలామంది ఉందన్నారు, కానీ తీసి డైరెక్ట్ చేశామన్నారు. రైతులు తెలియక అట్లా చేస్తారని మాకు చెప్తుంటారు. వాళ్ల మాట విన్నాక అట్లా అనిపించలేదు. వోల్టేజీ కొంచెం తేడా వచ్చినా అది మోటర్ ఆపేస్తుంది, రాత్రి నీళ్లు పారక మడి ఎండుతుంది, చీకట్లో బావి దాకా పోవాలి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చినా, ఫేజుల మధ్య తేడా, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు ఎగిరిపోవడం ఆగిపోలేదు.

ఒకరోజు తన సొంత బావి దగ్గర స్టార్టర్ డబ్బా వాళ్ల నాన్నతో తెరిపించింది, మెయిన్ ఆపించాకే. ప్రివెంటర్ వైర్లు పీకి, ముడేసి, టేపు చుట్టి ఉన్నాయి.

“బాపూ, ఇదెవరు పీకిండ్రు?”

“నేనే. మాటిమాటికి ఆపేస్తాంది.”

“అందుకే రెండుసార్లు కాలింది. రెండుసార్ల వైండింగ్ పైసలెన్ని?”

బాపు ఏమీ అనలేదట. మరుసటి వారం ప్రివెంటర్ మళ్లీ కలిపించుకున్నాడు. ఆ సీజన్‌లో రెండుసార్లు రాత్రి బావి దాకా నడవాల్సి వచ్చిందని అమ్మాయి నిజాయితీగా నోట్‌బుక్‌లో రాసింది.

పరీక్ష, తర్వాత సంగతి

ఏప్రిల్ రెండో ఆదివారం షాపులోనే పరీక్ష పెట్టాం. బడిలో పెడదామని నా ఆలోచన. షాపు మూసి రాలేనన్నాడు మిస్త్రీ. బడే షాపుకు పోయింది. పాత టైర్ల మీద మూడు స్టేటర్లు. మా హెడ్‌మాస్టర్, అమ్మాయి వాళ్ల అమ్మానాన్న, మోటర్ల కోసం వచ్చిన నలుగురు రైతులు.

మొదటిది స్టార్, ఫేజ్ పోయింది. నిమిషంలో చెప్పింది. రెండోది కాయిల్స్ అన్నీ ఒకేలా మాడాయి. లో వోల్టేజీ గానీ పంపు బిగుసుకోవడం గానీ, ఈ రెండింట్లో ఏదో కాయిల్స్ చూసి చెప్పలేం, పంపు చూడాలి అనింది. మిస్త్రీ తల ఊపాడు. మూడోది చాలాసేపు చూసి, తీగ పట్టుకొని, ‘ఫేజే’ అనింది. తప్పు. ఆయన స్టేటర్‌ను వెలుగు వైపు తిప్పి లోపలి ఇనుము మీద వేలు పెట్టి చూపించాడు. ఒక పక్క అరచెయ్యి అంత మేర అద్దంలా నునుపుగా మెరుస్తోంది. బేరింగ్ అరిగి రోటర్ అక్కడ రాసుకుంది. “కాయిల్నే చూసినవ్. ఇనుమును చూడలే.” మూడింట్లో రెండు. హెడ్‌మాస్టర్ మెల్లగా, మొత్తం పాసని రాసేద్దామా అన్నారు. రెండని రాశాం.

ఈ పనికంతటికీ బడి రికార్డులో దొరికింది ఎఫ్‌ఏలో ప్రాజెక్టు పనికి ఉన్న ఐదు మార్కులు. పెట్టిన ఖర్చు నోట్‌బుక్, ఆటో చార్జీలు. ఆటో సంగతి ముందే ఆలోచించకపోవడం నా పొరపాటు. వాళ్లన్న బండి దొరకని ఆదివారాలు మూడు పోయాయి.

మిగతా ఐదుగురి ప్రాజెక్టుల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఇద్దరికి మెంటర్ దొరకలేదు, ఒకరు ఊరు మారారు, ఇద్దరు మధ్యలో మానేశారు. మానేసిన ఇద్దరి ప్లాన్లు తీసి చూస్తే, రెండూ మెంటర్ పని ముమ్మరంగా ఉన్న నెలల్లోనే మొదలయ్యాయి.

కెరీర్ మాటకొస్తే, అమ్మాయి ‘సాఫ్ట్‌వేర్’ను వదిలేయలేదు. అడిగే ప్రశ్నలు మారాయి. ఐటీఐ ఎలక్ట్రీషియన్ రెండేళ్లు, పాలిసెట్ రాసి డిప్లొమా మూడేళ్లు, డిప్లొమా తర్వాత ఈసెట్‌తో బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు అని నేను ఏటా చార్టులో రాసేవే. ఇప్పుడు, ఈ మూడు చదివినవాళ్లలో ఎవరు ఏ పని చేస్తారు అని అడుగుతోంది. దానికి చార్టు సరిపోక, మే నెలలో అనుమతి తీసుకొని దగ్గర్లో ఉన్న 33/11 కేవీ సబ్‌స్టేషన్‌కు తీసుకెళ్లాను. కంచె బయటి నుంచే అన్నీ చూపించారు. కంట్రోల్ రూమ్‌లో ఆపరేటర్ గంటగంటకు రీడింగులు రాసే పెద్ద రిజిస్టర్ దగ్గర ఆగి, “వీళ్లది గూడ నా బుక్కు లెక్కనే ఉంది మేడమ్, కాకపోతే అంచనా గడి లేదు” అనింది. ఇప్పుడు పదో తరగతి. పాలిసెట్ రాస్తానంటోంది. ఎలక్ట్రికలా, కంప్యూటరా అనేది ఇంకా తేలలేదు.

నోట్‌బుక్ మిస్త్రీ అడిగి తన దగ్గర పెట్టుకున్నాడు, మాకు జిరాక్స్ ఇచ్చాడు. ఈ యాసంగికి చాక్‌పీస్ నంబర్లు తానే వేసుకుంటున్నాడట.

ఈ ఏడు ఇంకో అమ్మాయి బ్లౌజుల కటింగ్ నేర్చుకుంటానంది. ప్లాన్ కాగితం తీయకముందే మా ఊరి టైలరమ్మ దగ్గరికి పోయి, ఏ నెలల్లో తీరిక ఉంటుందని అడిగాను. కత్తెర పక్కన పెట్టకుండానే చెప్పింది: “బతుకమ్మ పోయేదాక నా దిక్కు చూడకు మేడమ్. అటెన్క రా.”